గ్యాస్ ట్యూబు మార్చాలంటూ ఇంటికొచ్చేవాళ్లతో జాగ్రత్త (విజయనగరం)

కంటోన్మెంట్ వైపు ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి. మెడలో కార్డులు వేసుకుని ఇద్దరు మధ్యాహ్నం పూట ఇంటింటికీ వస్తున్నారు. మా ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. "ట్యూబు పాతదైపోనాదమ్మా, మార్చకపోతే కనెక్షన్ ఆపేస్తారు" అని బెదరగొట్టి, బాగానే ఉన్న ట్యూబు పీకేసి, నారింజ రంగుది ఒకటి తగిలించి 750 రూపాయలు పట్టుకుపోయారు. రసీదు లేదు. పాత ట్యూబు కూడా తీసుకుపోయారు.

కొద్దిరోజులకే వంటింట్లో వాసన. సబ్బు నురగ రాసి చూస్తే పొయ్యి వైపు కొసన బుడగలు! రెగ్యులేటర్ కట్టేసి ట్యూబు ఊడదీశాం. కొస అప్పటికే బిరుసెక్కి పగిలింది. వేళ్లతో నొక్కితే చదునైపోతోంది, అంటే లోపల తీగ లేదు. రంగు చూసి మోసపోవద్దని చెప్పేది అందుకే.

గ్యాస్ డీలర్లు అమ్మే అసలైన ట్యూబు పేరు 'సురక్ష', అదీ నారింజ రంగులోనే ఉంటుంది. దాంట్లో రబ్బరు పొరల మధ్య ఉక్కు తీగ అల్లిక ఉంటుంది. ఎలుక కొరికినా తొందరగా తెగదు. పైన ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 9573 అనే నంబరు, తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. దాని ఆయుష్షు 5 ఏళ్లు. మాకు అంటగట్టిన దానిమీద ఒక్క అక్షరం లేదు. మొక్కలకు నీళ్లు పట్టే ట్యూబైతే ఏదైనా పరవాలేదు గానీ, మామూలు రబ్బరు ఈ గ్యాస్‌కి ఉబ్బి పాడవుతుంది. అందుకే గ్యాస్ ట్యూబు లోపలి పొరకి నైట్రైల్ రబ్బరు వాడతారు.

ఎల్‌పీజీ గాలికంటే బరువు, కారితే నేలమీదే పేరుకుంటుంది. దానికి సొంత వాసన లేదు, మనకు తెలియాలనే ఇథైల్ మెర్కాప్టన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. కాబట్టి ఆ వాసన ఏ కొంచెం వచ్చినా లైటు, ఫ్యాను స్విచ్‌లు ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయండి. రాత్రయినా ఎత్తుతారు.

ఎవరైనా చెకింగ్ అంటూ వస్తే గుమ్మంలోనే ఆపి, మీ గ్యాస్ బుక్కులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, డీలరే పంపారో లేదో కనుక్కోండి. ఇంటికొచ్చినవాళ్లు ఇచ్చిన నంబరుకి మాత్రం చేయొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే వాళ్లకి ఈ మాట ఇవాళే చెప్పండి. ఇప్పటికే వీళ్ల చేత ట్యూబు వేయించుకున్నవాళ్లు రేపటిదాకా ఆగకండి. సిలిండర్ కట్టేసి డీలర్ దగ్గర కొత్తది తెచ్చుకోండి, బిల్లు అడిగి తీసుకోండి.