జపాన్‌ల హోస్ట్ ఫ్యామిలీ హోమ్‌స్టే: పైసలకు న్యాయమే, గని తిండి సంగతి ముందే రాసివ్వుండ్రి

రేటింగ్: 5కి 4

మాది మిర్యాలగూడ. ఫుకుఓకాల లాంగ్వేజ్ స్కూల్‌ల చదివేటప్పుడు ఒక హోమ్‌స్టే ఏజెన్సీ ద్వారా అక్కడి ఫ్యామిలీ ఇంట్ల ఉన్న. హోస్ట్ అమ్మ, నాయన, నాయనమ్మ, ముగ్గురే. మన దిక్కు నుంచి టామ్‌కామ్ (బయటి దేశాల కొలువులకు పంపే తెలంగాణ సర్కార్ సంస్థ) ద్వారా నర్సింగ్ పిల్లలు కూడ జపాన్ పోతున్నరు కద, ఎవలికన్న పనికొస్తదని జర వివరంగ రాస్తున్న.

ఏజెన్సీ పని చానా వరకు మంచిగున్నది. రూమ్ ఫొటోల ఎట్లున్నదో అట్లనే ఉన్నది, స్టేషన్ నుంచి ఇల్లు ఎంత దూరమో సరిగ్గ చెప్పిన్రు, పొద్దటి టిఫిన్ రాత్రి బువ్వ ఫీజులనే. ఒక స్టార్ ఎందుకు కోసిన అంటే తిండి ఫారం. అందుల వెజ్జా నాన్‌వెజ్జా అని రెండే డబ్బాలు. నేను చికెన్, చేపలు తింట, బీఫ్ పోర్క్ ముట్ట. అది రాసే జాగనే లేదు. నా క్లాస్‌ల వనపర్తి అమ్మాయి అసలు నీసు ముట్టదు, వెజ్ అని టిక్ పెట్టింది, అయినా రోజు మిసో సూప్ (పులవెట్టిన సోయా ముద్దతోటి చేసేది) వచ్చేది. ఆ సూప్‌కు అడుగున పోసే దాషి అనే నీళ్లు ఎక్కువగ ఎండుచేప తురుముతోనే మరిగిస్తరు, ముక్క కనవడదు కాబట్టి చానామంది దాన్ని చేప కింద లెక్కవెట్టరు. కర్రీ రైస్ కూడ అంతే, డబ్బాల వచ్చే కర్రీ ముద్దలల్ల చానా వాటికి బీఫ్ కొవ్వో పంది కొవ్వో ఉంటది. ఫుకుఓకా రామెన్ నూడుల్స్ అయితే పంది ఎముకల రసమే. అందుకే మీరు ఏం తినరో ఒక్కొక్కటి పేరు పెట్టి, చేప నీళ్లు కూడ వద్దని, జపనీస్‌ల రాసి పోకముందే మెయిల్ చెయ్యిండ్రి. మా హోస్ట్ అమ్మకు చెప్పినంక పాపం షాప్‌ల ప్రతి ప్యాకెట్ వెనక చదివి నా కోసం వేరే కర్రీ డబ్బా తెచ్చేది.

అన్నంల చాప్‌స్టిక్స్ నిలువుగ గుచ్చొద్దు, అది చనిపోయినోళ్లకు పెట్టే తీరు, మన దగ్గర పిండం పెట్టినట్టు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు ముక్క అందియ్యొద్దు, దహనం అయినంక ఎముకలు అట్ల ఏరుతరు. రాత్రికి ఇంట్ల తినకుంటే మధ్యాహ్నంలోపే మెసేజ్ పెట్టుండ్రి, వండి ఎదురుచూస్తరు.

ఇగ స్నానం. మనం పొద్దున బకెట్, మగ్గు తోటి పోసుకుంటం, వాళ్లు రాత్రి చేస్తరు. టబ్ బయట చిన్న స్టూల్ మీద కూసొని సబ్బు, షాంపూ అన్నీ కడుక్కున్నంకనే టబ్‌ల దిగాలె, అందుల 40 డిగ్రీల పైన వేడి నీళ్లుంటయి. ఇంట్ల అందరు అవే నీళ్లల్ల కూసుంటరు కాబట్టి సబ్బు నురగ పోవొద్దు, తలకు కొబ్బరినూనె పెట్టుకొని దిగొద్దు, జుట్టు పైకి ముడెయ్యాలె, బయటికొచ్చినంక నీళ్లు ఒదిలెయ్యొద్దు, మూత పెట్టి రావాలె. మిగిలిన నీళ్లు మా ఇంట్ల తెల్లారి బట్టల మిషిన్‌కు వాడేది. నల్లా నీళ్లు డైరెక్ట్‌గ తాగొచ్చు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు ఎంతమంది ఎముకలు వంచినయో చూసినోళ్లం కద, వంటింట్ల నల్లా కింద గ్లాస్ పెట్టి తాగుతుంటే నాకు మనసుల ఎట్లనో అయ్యేది.

చెప్పులు గుమ్మం దగ్గరనే ఇడిచి ముక్కులు తలుపు దిక్కు తిప్పి పెట్టాలె, లోపల స్లిప్పర్లు వేరే, టాయిలెట్‌ది వేరే జత, తాతామి చాప మీద ఏ స్లిప్పర్ వద్దు. చెత్త కూడ జాగ్రత్త, బాటిల్ మూత తీసి లేబుల్ పీకి కడిగి ఇయ్యాలె, ఫుకుఓకా సిటీల రాత్రిపూట ఎత్తుతరు. గోడలు పలుచగుంటయి, మన దగ్గర 9 అయితే అక్కడ అర్ధరాత్రి 12:30, ఇంటికి ఫోన్ చేసేదుంటే అక్కడ సాయంత్రం పూటనే చేసుకోండ్రి.

బహుమతికి పోచంపల్లి స్టోల్ తీస్కపోయిన. నాయనమ్మ దాన్ని రెండు చేతులతో అందుకొని, అటుఇటు తిప్పి చూసి, లోపలికి పోయి తన కురుమె కసూరి (అక్కడి కురుమె ఊరి నేత) బట్ట తెచ్చి పక్కన పర్సింది. అది కూడ నూలుకు ముందే ముడులు కట్టి, రంగు అద్ది, తర్వాత నేసేదే, అంచుల దగ్గర రంగు కొద్దిగ చెదిరినట్టు ఉండుడు రెండిట్ల ఒక్కటే తీరు. ఆ రాత్రి మా మాటలన్నీ మగ్గాల గురించే. నాకు వచ్చిన జపనీస్ తక్కువనే అయినా మస్తు సేపు ముచ్చట పెట్టినం. నారాయణపేట, గద్వాల దిక్కోళ్లు మీ నేత బట్టనే తీస్కపోండ్రి. సకినాలు కూడ తీస్కపోయిన, చాయ్‌ల తిన్నరు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం సూట్‌కేస్‌ల పెట్టకండ్రి, మాంసంవి రానియ్యరు. పచ్చి మామిడికాయలు, కరివేపాకు కూడ అంతే.

ఆగస్టు నడుమ ఒబోన్ అనే పెద్దల పండుగకు చానా కుటుంబాలు సొంతూర్లకు పోతయి, ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం దాక గోల్డెన్ వీక్ సెలవులు. ఆ రోజులల్ల పోయేటట్టుంటే హోస్ట్ వాళ్లు ఇంట్ల ఉంటరా అని ఏజెన్సీని అడిగినంకనే పైసలు కట్టుండ్రి.