డైమండ్స్ స్క్రిప్ట్ కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్ గేమ్‌లో డైమండ్స్ (గేమ్ లోపల వస్తువులు కొనడానికి వాడే డబ్బు) పెంచే మెమరీ స్క్రిప్ట్, అంటే గేమ్ మెమరీలో అంకెలు మార్చే చిన్న ప్రోగ్రామ్, అంటూ టెలిగ్రామ్‌లో ఎవరైనా అమ్ముతుంటే కొనకండి. నేను కొన్నాను. స్క్రిప్ట్‌కు 1,499 రూపాయలు పోయాయి. నాలుగేళ్లుగా ఆడుతున్న ఐడీ పోయింది. వారం తిరక్కుండానే బ్యాంకు ఖాతాలోంచి ఇంకో 6,200 పోయాయి. ఈ చివరి సంగతి నాన్నకు ఇంకా తెలియదు.

సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే మెమరీ ఎడిటింగ్ నాకు కొత్తేమీ కాదు. డిగ్రీలో ఉండగా హాస్టల్ గదిలో చీట్ ఇంజన్‌తో (కంప్యూటర్ గేమ్‌ల మెమరీలో అంకెలు వెతికి మార్చే సాఫ్ట్‌వేర్) కుస్తీ పట్టినవాణ్ణే. దాంతోపాటే చిన్న ట్యుటోరియల్ వస్తుంది. అందులో హెల్త్ 100 ఉంటుంది, 'హిట్ మీ' అనే బటన్ నొక్కితే తగ్గుతుంది. మెమరీలో 100 కోసం వెతికితే బోలెడన్ని చోట్ల దొరుకుతుంది. బటన్ నొక్కి, తగ్గిన సంఖ్యతో మళ్లీ వెతికితే ఒకటో రెండో మిగులుతాయి. దాన్ని 1000 చేస్తే ఆ మెట్టు దాటినట్టే. ఇది మాకు నేర్పిన సీనియర్ ఒక్క టీ కూడా ఇప్పించుకోలేదు. ఆఫ్‌లైన్ గేమ్‌కు ఎవరైనా రాత్రంతా కూర్చుని టేబుల్ (ఏ అంకె మెమరీలో ఎక్కడుందో రాసిపెట్టిన ఫైలు) తయారుచేస్తే పొద్దునకల్లా అందరి పెన్‌డ్రైవ్‌లలో ఉండేది. తయారుచేసినవాడు కింద తన పేరు రాసుకునేవాడు, అదే వాడి కూలి.

అంత తెలిసినవాడివి ఎలా మోసపోయావు అంటారా? ఆశ. ఆ నెల గేమ్‌లో ఒక కొత్త డ్రెస్ వచ్చింది. దానికి సరిపడా డైమండ్స్ కొనాలంటే నాలుగు వేల పైచిలుకు అవుతుంది. అప్పుడే ఈ చానల్ కంటపడింది. వీడియోలో ఒకడు స్క్రిప్ట్ నడుపుతాడు, 12 ఉన్న డైమండ్స్ 50,000 అవుతాయి. మెసేజ్ పెడితే అర నిమిషంలో జవాబు. "బ్రో, నూటికి నూరు వర్కింగ్. యాంటీబ్యాన్ ఉంది, ఐడీ పోదు. లైఫ్‌టైమ్ కీ. ఆఫర్ ఈ రాత్రి వరకే."

డబ్బులు పంపేటప్పుడే రెండు సూచనలు కనిపించాయి, రెండూ పట్టించుకోలేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చిన పేరుకూ చానల్లో మాట్లాడుతున్నవాడికీ సంబంధం లేదు. పైగా "నోట్‌లో గేమ్ అని రాయొద్దు బ్రో, గిఫ్ట్ అని రాయి" అన్నాడు. న్యాయంగా అమ్ముకునేవాడికి ఆ జాగ్రత్త ఎందుకు?

తర్వాత రెండు ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్లో వేసుకునే యాప్‌లు) వచ్చాయి. ఒకటి గేమ్‌ను లోపల పెట్టుకుని నడిపే వర్చువల్ స్పేస్ యాప్. మెమరీ మార్చాలంటే ఫోన్ రూట్ చేసి (సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకుని) ఉండాలి, లేదంటే ఇలాంటి యాప్‌లో గేమ్ నడవాలి, అందువల్ల దీని మీద నాకు అనుమానం రాలేదు. రెండోది 'కీ లాగిన్' అట. దానికోసం ప్లే ప్రొటెక్ట్ (హానికరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ తనిఖీ) ఆపేయమన్నాడు, యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వమన్నాడు, ఎస్ఎమ్ఎస్ చదివే అనుమతి కూడా. ఇక్కడ ఆగాల్సింది. గేమ్‌లో అంకె మార్చడానికి నా మెసేజ్‌లతో ఏం పని? యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్లకు స్క్రీన్ చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టిన సౌకర్యం. దాన్ని చేతికిస్తే స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మన తరఫున బటన్లు కూడా నొక్కగలదు. ఇంటి తాళం చెవి ఇచ్చినట్టే.

స్క్రిప్ట్ నడిపాను. ఇప్పుడు ఎన్ని డైమండ్స్ ఉన్నాయని అడిగింది. కొన్ని ఖర్చుపెట్టి మళ్లీ చెప్పమంది. చెప్పాను. స్క్రీన్ మీద 50,000! నిజంగానే ఎగిరి గంతేశాను. డ్రెస్ కొనబోతే ఎర్రర్. గేమ్ మూసి తెరిస్తే మళ్లీ పాత అంకె.

కాసేపటికి గానీ వెలగలేదు. స్క్రిప్ట్ చేసింది హాస్టల్లో నేను చేసిన ఆ ట్యుటోరియల్ పనే. ఆన్‌లైన్ గేమ్‌లో డైమండ్స్ లెక్క ఫోన్లో ఉండదు, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. మన స్క్రీన్ మీద కనిపించేది అక్కడినుంచి వచ్చిన నకలు. కిరాణా కొట్టువాడు రాసిచ్చిన చీటీలో మనం అంకె దిద్దుకుంటే వాడి ఖాతా పుస్తకంలో బాకీ మారుతుందా? స్క్రిప్ట్ అమ్మినవాడు వీడియోలో కూడా అంకె మారడమే చూపించాడు, ఆ డైమండ్స్‌తో ఒక్క వస్తువు కొనడం చూపించలేదు. మీరు చూస్తున్న వీడియోలో కూడా అది ఉందో లేదో చూడండి.

షూటింగ్ గేమ్‌లలో కొన్ని చీట్లు పనిచేసే మాట నిజమే. గోడ వెనక ఉన్న శత్రువు ఎక్కడున్నాడో ఫోన్‌కు తెలిసి ఉంటుంది, తుపాకీ అదురు లెక్క కూడా ఫోన్లోనే జరుగుతుంది, వాటిని తారుమారు చేయొచ్చు. కానీ గేమ్ తన మెమరీని తానే తనిఖీ చేసుకుంటుంది, వర్చువల్ స్పేస్‌ను కూడా పసిగడుతుంది. పబ్జీ మొబైల్‌లో చీటింగ్‌కు పదేళ్ల బ్యాన్ వేయడం ఆడేవాళ్లందరికీ తెలిసిందే. నా గేమ్‌లో నాకు మూడో రోజు పొద్దున పడింది, శాశ్వతంగా. ఇందులో కంపెనీని అనడానికేమీ లేదు. నేను చేయబోయింది కూడా దొంగపనే.

అమ్మినవాడికి చెబితే "అన్‌బ్యాన్ చేయిస్తా బ్రో, 800 పంపు" అన్నాడు. పంపలేదు. అప్పటికైనా అంత బుద్ధి మిగిలింది. వెంటనే నన్ను బ్లాక్ చేశాడు.

కానీ ఆ 'కీ లాగిన్' యాప్‌ను తీసేయలేదు. ఐదో రోజు తెల్లవారుజామున షాపింగ్ యాప్‌లో దాచిపెట్టిన నా కార్డుతో మూడుసార్లు గిఫ్ట్ కార్డులు కొన్నారు. ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది, నేను నిద్రలో ఉన్నాను, దాన్ని చదివింది ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. లేచి చూసేసరికి బ్యాంకు మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. ముందు డేటా ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి కార్డు బ్లాక్ చేయించి, 1930కి ఫోన్ చేశాను. ఆ నంబరు సైబర్ మోసాల కోసమే, ఎంత తొందరగా చేస్తే అంత మేలు, డబ్బు దారిలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. నేను రెండు గంటలు ఆలస్యమయ్యాను. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు రాలేదు. ఫోన్ మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే ఫోన్ నుంచి మార్చాను. చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ నంబరు రీసెట్‌కు ముందే వేరేచోట దాచాను, ఫిర్యాదుకు అవే అక్కరకొచ్చాయి.

అన్నిటికన్నా ఒళ్లు మండించింది వేరే ఉంది. కోడింగ్ తెలిసిన స్నేహితుడు ఆ స్క్రిప్ట్ పైన వేసిన పాస్‌వర్డ్ పొర తీసి చూశాడు. లోపలున్నది ఎవరో ఆఫ్‌లైన్ గేమ్‌ల కోసం, నేర్చుకునేవాళ్లకు ఉచితంగా రాసి ఇచ్చినది. అమ్మకూడదని మొదటి వరసలోనే రాసి ఉంది. వీడు దాన్ని చెరిపే ఓపిక కూడా లేక తాళం వేసి అమ్మాడు.

చానల్ పేరు ఇక్కడ రాసినా లాభం లేదు, నేను చూస్తుండగానే రెండుసార్లు మారింది. వీడియో మాత్రం మార్చలేదు. అందులో ఫోన్ బ్యాటరీ 17 శాతం, టైము 2:41, మూలన పగిలిన స్క్రీన్‌గార్డ్. నిన్న మళ్లీ కనిపించింది. ధర 999కి తగ్గించాడు.