రెండేళ్లు వాడిన ఫాస్ఫేట్ రియాక్టర్ గురించి

నాచుకు మేతయ్యే ఫాస్ఫేట్‌ను అక్వేరియం నీటిలోంచి లాగేసే ఈ రియాక్టర్‌ను నేను కోపంలో కొన్నాను. అప్పటికి పగడాలు పెంచే నా 200 లీటర్ల రీఫ్ (ఉప్పునీటి) అక్వేరియం వయసు మూడు నెలలు. మొదట ఇసుక మీద గోధుమ రంగు పొడిలా డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచులు పరుచుకున్నాయి. నీటిలో సిలికేట్ అయిపోగానే అవి వాటంతటవే పోయాయి. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. తెల్లటి రాళ్లకు పచ్చటి జుట్టులా నాచు మొలిచింది. ఆదివారం పళ్ల బ్రష్షుతో రుద్ది, ఊడినదాన్ని గొట్టంతో లాగి పారేస్తే మళ్లీ ఆదివారానికి వేలెడు పెరిగేది.

విచిత్రమేమిటంటే, రంగును పోల్చి చూసే కిట్ ఫాస్ఫేట్ సున్నా అనేది. నీటిలోకి వచ్చినదాన్ని వచ్చినట్టే నాచు మింగేస్తుంటే కిట్‌కు మిగిలేదేముంది? ఆ సున్నాను నమ్మి నెల రోజులు పోగొట్టుకున్నాను. చివరికి ఒక రాయిని తీసి, నాచు గీకేసి, కొత్తగా కలిపిన ఉప్పునీటి బకెట్‌లో వేసి చీకట్లో ఉంచాను. చేప లేదు, మేత లేదు. అయినా వారం తిరిగేసరికి డిజిటల్ మీటర్ ఫాస్ఫేట్ 0.2 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) చూపించింది. దొంగ రాళ్లలోనే ఉన్నాడన్నమాట. పొడి రాళ్లతో తొట్టి మొదలుపెట్టినవారికి ఇది తరచూ ఎదురయ్యేదే.

పరికరం విషయానికి వస్తే, ఇదొక పారదర్శకమైన గొట్టం. రెండు చివర్లా స్పాంజీ, మధ్యలో ఐరన్ ఆక్సైడ్ గుళికలు. చిన్న పంపు నీటిని కింది నుంచి పైకి తోస్తుంది, దారిలో ఫాస్ఫేట్ గుళికలకు అంటుకుపోతుంది. పైపొర మాత్రమే సన్నగా కదలాలి. ప్రవాహం ఎక్కువైతే గుళికలు ఒకదానికొకటి రాసుకుని పొడి అవుతాయి, తక్కువైతే గడ్డకట్టి ఇటుకలా తయారవుతాయి. ప్రవాహాన్ని సర్దే కవాటం నాసిరకం. ఆరో నెల నుంచి అది ఉప్పు పట్టి బిగుసుకుపోతూనే ఉంది. మూత దగ్గర రబ్బరు వలయాన్ని రెండుసార్లు మార్చాను. గుళికలను బాగా కడగమని కాగితంలో రాసి ఉంది కానీ, ఎంత బాగా అన్నది నాకు తొట్టి మొత్తం తుప్పు రంగుకు తిరిగాకే అర్థమైంది.

ఇవన్నీ భరించదగినవే. పెద్ద తప్పు మాత్రం నాది. పట్టినన్ని గుళికలు నింపేశాను. నాలుగో రోజుకు మీటర్‌లో కూడా సున్నా వచ్చింది. పచ్చ జుట్టు పాలిపోతుంటే గెలిచాననుకున్నాను. పగడాల కొనలు కూడా పాలిపోతున్నాయని గమనించే తీరిక నాకు లేదు. మూడో వారంలో ఇసుక మీద గాలి బుడగలు చిక్కుకున్న గోధుమ రంగు చీమిడి కనిపించింది. దీపాలు ఆరాక తగ్గిపోయి, మధ్యాహ్నానికి మళ్లీ పేరుకునేది. కొంత సీసాలోకి తీసి బాగా కుదిపి, వడకట్టి, ఆ నీటిని వెలుతురులో పెడితే గంటలో మళ్లీ దారాలుగా కూడింది. డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులవి. వాటిలో కొన్ని రకాలు విషపూరితం. నా నత్తల్లో సగానికి పైగా చచ్చిపోయాయి.

పోటీకి వేరే జీవాలు లేని, పోషకాలు అడుగంటిన తొట్టి వాటికి దొరికిన ఖాళీ ఇల్లు. రియాక్టర్ ఆపేశాను. అంత ఖర్చుపెట్టి తీసేసిన ఫాస్ఫేట్‌నే సీసాలో కొని చుక్కలు చుక్కలుగా పోశాను. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.05 పైన నిలబెట్టి, రాత్రివేళ నీటిలోకి తేలే ఆ జీవులను చంపడానికి యూవీ దీపం తగిలించాను. కుదుటపడటానికి ఏడు వారాలు పట్టింది.

తర్వాత నాలుగో వంతు గుళికలతో మళ్లీ మొదలుపెట్టాను. వారానికి రెండుసార్లు మీటర్ చూస్తూ, 0.05కూ 0.1కూ మధ్య ఉంచుతూ వచ్చాను. అప్పుడు రియాక్టర్ తన పని మర్యాదగా చేసింది. అయితే జుట్టు నాచును తినేసింది అది కాదు. నా చేతులు, ట్రోకస్ నత్తలు, ఒక టక్సీడో అర్చిన్ (నాచు తినే ముళ్ల సముద్రజీవి) కలిసి ఆ పని చేశాయి. మళ్లీ మొలిచే వేగాన్ని తగ్గించడం వరకే రియాక్టర్ వంతు. టర్బో నత్తలు ఇంకా ఆబగా తింటాయి కానీ, వెల్లకిలా పడితే చాలాసార్లు లేవలేవు. ట్రోకస్‌లకు ఆ చిక్కు లేదు.

మీ రాళ్ల మీద ఉన్నది ఫెర్న్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటే అది బ్రయోప్సిస్ అనే వేరే నాచు. దానికి ఈ గుళికలు కొని లాభం లేదు, ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు సంగతి చూడండి. ఎర్రటి పొరలా తేలిగ్గా ఊడివచ్చేది సయనోబాక్టీరియా అనే బాక్టీరియా. ముందు నీటి ప్రవాహం పెంచండి.

మళ్లీ కొంటానా? బకెట్ పరీక్షలో రాళ్లు ఫాస్ఫేట్ వదులుతున్నాయని తేలితే కొంటాను, దానితోపాటు మంచి మీటర్ కూడా. మీటర్‌కు డబ్బు చాలకపోతే రియాక్టర్ కొనను. ఐదు నెలలుగా నాది సొరుగులో ఎండి ఉంది. సంప్‌లో (తొట్టికి కలిపిన కింది తొట్టిలో) కీటో (కీటోమార్ఫా) నాచు ముద్ద ఆ పని చేస్తోంది, రెండు వారాలకోసారి గుప్పెడు తెంచి పారేస్తున్నాను. ఆ బిగుసుకుపోయిన కవాటాన్ని మాత్రం ఇంకా విప్పలేకపోయాను.