కృష్ణా డెల్టా సైకిలు యాత్రకు ఎలాంటి టెంటు కొనాలి

విజయవాడలో కరకట్ట ఎక్కి దివిసీమలోకి దిగడం, పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి రేపల్లె మీదుగా బాపట్ల చేరడం, అక్కడి నుంచి పొన్నూరు, గుంటూరు, మంగళగిరి చూసుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా ఇంటికి రావడం. సైకిలుకు ఇంతకంటే అనువైన దారి మన వైపు లేదని నా నమ్మకం. నేల బల్లపరుపుగా ఉంటుంది. ఒక పక్క నది, మరో పక్క అరటి తోటలు, చెరకు, పసుపు చేలు. ఆకలేస్తే ఊరూరా ఇడ్లీ దొరుకుతుంది. చిక్కల్లా పడకతోనే. విజయవాడ, గుంటూరు, బాపట్లలో గదులకు కొదవ లేదు. దివిసీమ చివరనున్న హంసలదీవి వైపు పోయేకొద్దీ ఆ భరోసా తగ్గుతుంది. అందుకే మా బావమరిది, నేను కలిసి టెంటు కొన్నాం. వాడి చూశాక ఒక అభిప్రాయం కుదిరింది. కొనబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మా దారిలోని చిన్న ఊళ్లలో లాడ్జి గదికి ఎనిమిది వందలో వెయ్యో అడిగారు. ఆ లెక్కన పది వేల టెంటు పది పన్నెండు రాత్రులు వాడితే గిట్టుబాటవుతుంది. ఏడాదికి ఒకటి రెండు రాత్రులే బయట పడుకునేవాళ్లు టెంటు కొనకుండా సత్రాలనో, తెలిసినవాళ్ల ఇళ్లనో నమ్ముకోవడం మేలు. మాకైతే అద్దె మిగలడం కంటే, పొద్దు వాలేసరికి ఎక్కడుంటే అక్కడ ఆగవచ్చన్న ధైర్యమే ముఖ్యం. గది ఉన్న ఊరు చేరాలని చీకట్లో లారీల పక్కన సైకిలు తొక్కడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు.

మన దగ్గర టెంటులో నిద్ర చెడగొట్టేవి ఉక్క, దోమలు, తెల్లవారుజామున కురిసే మంచు. చలి మాటే లేదు. మార్కెట్లో దొరికే టెంట్లు చాలావరకు చలి దేశాల అవసరానికి కుట్టినవి కాబట్టి వాటి గొప్పలు వేరుగా ఉంటాయి. మనం చూడవలసింది లోపలి గుడ్డలో ఎంత భాగం దోమతెర వల ఉందన్నది. సగానికి పైగా వల ఉంటేనే డిసెంబరులో కూడా ఇక్కడ గాలి ఆడుతుంది. రెండు వైపులా తలుపులుంటే మరీ మంచిది. నది మీద నుంచి వచ్చే గాలి ఒక వైపు దూరి మరో వైపు పోతుంది.

ఆన్‌లైన్‌లో రెండు వేలకే దొరికే ఒంటి పొర టెంట్లు ఇక్కడికి పనికిరావు. మనిషి రాత్రంతా వదిలే ఊపిరిలోని తేమ, మంచుకు చల్లబడిన గుడ్డకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. పొర ఒక్కటే అయితే ఆ బొట్లు నేరుగా పక్క మీద పడతాయి. రెండు పొరలుంటే పై పొర లోపలి వైపున పేరుకుని అంచులకు జారిపోతాయి. డెల్టాలో కాలవలు, తడి పొలాల వల్ల గాలిలో తేమ మరీ ఎక్కువ. కాబట్టి రెండు పొరలు లేనిది ఎంత చవకైనా తీసుకోవద్దు.

తర్వాతి సంగతి, మేకులు కొట్టకపోయినా తనంతట నిలబడుతుందా లేదా. గుడి ఆవరణలో నాపరాళ్లు పరిచి ఉంటాయి. బడి వరండా సిమెంటు చేసి ఉంటుంది. సముద్రపు ఒడ్డున ఇసుకలో మామూలు మేకు నిలవదు. రెండు కర్రలు అడ్డంగా దాటుకుని గుమ్మటంలా నిలబడే రకమైతే వీటన్నింటిలో పని జరుగుతుంది. సైకిలువాళ్లు బాగా మెచ్చుకునే నేచర్‌హైక్ క్లౌడ్ అప్ తేలికైనదే, కానీ దాని వెనుక మూలలను మేకులతో లాగి కట్టాలి. మట్టి నేల మీద దాంతో ఏ ఇబ్బందీ లేదు. మా దారిలో సిమెంటు, ఇసుక ఎక్కువ కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

బరువు గురించి సైకిలు మిత్రులు గ్రాముల్లో మాట్లాడుకుంటారు. కొండల్లో ఆ పట్టింపు న్యాయమే. బల్లపరుపు నేల మీద రెండు కిలోలకూ రెండున్నర కిలోలకూ తేడా కాళ్లకు పెద్దగా తెలియదు. బరువు కంటే మడత పొడవే ముఖ్యం. కర్రల మడత 45 సెంటీమీటర్లు దాటితే క్యారియర్ సంచిలో పట్టవు, హ్యాండిల్‌కు కడితే బ్రేకు తీగలకు అడ్డొస్తాయి. కొనేముందు టేపు పెట్టి కొలవండి. విసిరితే చాలు తెరుచుకునే డెకథ్లాన్ వాళ్ల 2 సెకండ్స్ రకం మడిస్తే పెద్ద గుండ్రటి చక్రం అవుతుంది. కారులో పోయేవాళ్లకు చాలా బాగుంటుంది, సైకిలు మీద ఎక్కడ కట్టాలో తోచదు. అదే కంపెనీ క్వెచువా ఎంహెచ్ 100 ఇద్దరు పట్టే టెంటు రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ కర్రలు, రెండు పొరలు, తనంతట నిలబడుతుంది. కొత్తది, తక్కువ ధరలో, బిల్లుతో సహా కావాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది అదే. ఫైబర్‌గ్లాస్ కర్ర విరిగితే నిలువునా చీలుతుంది, దాని ముళ్లు చేతికి గుచ్చుకుంటాయి. అల్యూమినియం కర్ర ముందు వంగుతుంది, అప్పటికప్పుడు ఒక గొట్టం ముక్క తొడిగి నడిపించవచ్చు.

చీటీ మీద ఉండే అంకెల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు వాటినే ముందు చూపిస్తారు. 1500 మిల్లీమీటర్లు అని ఉంటే, గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా నీళ్లు కారవని అర్థం. పై పొరకు మన వానకు అది చాలు. నేలకు మాత్రం 3000 అయినా ఉండాలి. మోకాలు మోపినప్పుడు ఆ కాస్త చోట ఒత్తిడి చాలా పెరుగుతుంది, కింద తడి నేల ఉంటే చెమ్మ పైకి వస్తుంది. 20డి అంటే ఆ నూలు 9000 మీటర్లు తూస్తే 20 గ్రాములు తూగుతుందని. అంకె తగ్గేకొద్దీ గుడ్డ పలచన, ధర ఎక్కువ. 210టి అనేది నేత ఎంత దట్టమో చెబుతుంది. నైలాన్ తేలిక, గట్టి. కానీ తడిస్తే సాగి వేలాడుతుంది, ఎండకు త్వరగా నీరసిస్తుంది. పాలిస్టరు కాస్త బరువైనా తడికి సాగదు, ఎండకు ఎక్కువ ఓర్చుకుంటుంది. మన ఎండలకు నా ఓటు పాలిస్టరుకే.

ఇన్ని చూసి చివరికి కొన్నది పాత టెంటు. గుంటూరు బ్రాడీపేటలో ఒక సైకిలు మిత్రుడు ఉద్యోగం మారి ఊరు వదులుతూ అమ్మకానికి పెట్టాడు. అల్యూమినియం కర్రలు, పాలిస్టరు పై పొర, రెండు తలుపులు, ఇద్దరికి సరిపడా కొలత. ఏడు వేలకు ఇచ్చాడు. పాతది కొనడం తప్పేమీ కాదు, చూసి కొనాలంతే. మేం ఆయన డాబా మీదే దాన్ని నిలబెట్టి గంటసేపు పరిశీలించాం. మొదట ముక్కు పెట్టి వాసన చూశాం. నీళ్లు దిగకుండా గుడ్డ లోపలి వైపు పూసే పాలీయురెథేన్ పూత ఉక్కకూ తేమకూ ఏళ్ల తరబడి కరిగిపోతుంది. అలా పాడైనదైతే పుల్లటి మురుగు వాసన వస్తుంది, వేలికి జిగురుగా అంటుకుంటుంది. ఆ పూత పోయిందంటే టెంటు పోయినట్టే, మళ్లీ బాగు చేయడం దండగ. తర్వాత కుట్ల వెంట అంటించిన పట్టీలు ఊడాయేమో గోటితో గీకి చూశాం. ఒక మూల రెండంగుళాలు లేచి ఉంది. జిప్పులు అటూ ఇటూ లాగాం. కర్రలు బల్ల మీద దొర్లిస్తే ఎక్కడ వంగిందో తెలిసిపోయింది. ఆఖరికి మొక్కలకు పోసే పైపు తెచ్చి పావుగంట నీళ్లు కొట్టాం. మా బావమరిది లోపల కూర్చుని, “బావా, పట్టీ లేచిన చోట తప్ప ఎక్కడా చుక్క రావడం లేదు” అన్నాడు. ఆ చోట సీమ్ సీలర్, అంటే కుట్ల నుంచి నీళ్లు కారకుండా పూసే జిగురు, పూస్తే సరిపోయింది. సిలికాన్ పూత గుడ్డకు ఒక రకం సీలరు, పాలీయురెథేన్ పూతకు వేరే రకం వాడాలి. ఒకదానికి మరొకటి పూస్తే పట్టదు.

‘ఇద్దరికి’ అని రాసి ఉన్నా ఇద్దరు పడుకుంటే సంచులు బయటే. తలుపు ముందు పై పొర కింద కొంత నీడ ఉంటుంది, అక్కడ సర్దాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లు కూడా ఇద్దరి కొలతే తీసుకోవడం మంచిది, సామానంతా లోపల పెట్టుకోవచ్చు.

కింద పరవడానికి ప్రత్యేకమైన షీట్ అని టెంటు కంపెనీలు రెండు వేల దాకా అడుగుతాయి. గుంటూరులో ఉన్నవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. మిర్చి కల్లాల కోసం టార్పాలిన్ పట్టాలు అమ్మే కొట్లు ఊరి నిండా ఉన్నాయి. మందం జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో, చెబుతారు. మేం తేలికపాటిది అడిగితే కొట్టు యజమాని, “రైతులకైతే ఇది ఒక్క సీజను రాదండీ, మీకు పడుకోవడానికే కదా, చాలు” అని ఉన్నమాట చెప్పి, కొలత ప్రకారం కత్తిరించి, మూలలకు ఇత్తడి కన్నాలు కొట్టించి ఇచ్చాడు. ఇచ్చింది మూడు వందల లోపే. పట్టా టెంటు నేల కంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు చిన్నగా ఉండాలి. పెద్దదైతే పై నుంచి జారిన వాన దాని మీద నిలిచి టెంటు కిందికి చేరుతుంది.

ఇక దిగిన చోట్లు. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దగ్గర అడిగితే పూజారిగారు ఖాళీ జాగా చూపించి, “ఇక్కడ వేసుకోండి నాయనా, బోరింగు పక్కనే ఉంది. చీకటి పడ్డాక సముద్రం వైపు మాత్రం పోకండి” అన్నారు. కృష్ణ బంగాళాఖాతంలో కలిసే చోటు అక్కడికి దగ్గరే. తెల్లవారి చూస్తే పై పొర లోపలంతా చెమట పట్టినట్టు బొట్లు. లోపలి గుడ్డ పొడిగా ఉంది, ఒక్క నా తల వైపు తప్ప. అక్కడ బట్టల సంచి గోడకు ఆనుకుని రెండు పొరలూ అంటుకున్నాయి. అంత చోటు మాత్రం తడిసి సంచిలోకి చెమ్మ దిగింది. అందుకే పై పొరను తాళ్లతో బయటికి లాగి కట్టడం చాలా అవసరం. రెండు పొరల మధ్య అరచేతి మందం ఖాళీ నిలిస్తే చాలు. ఈ యాత్రలో టెంటుకు పూర్తి న్యాయం జరిగింది ఆ రాత్రే.

సూర్యలంకలో నా తీర్పు వేరు. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. తీరంలో వైమానిక దళ కేంద్రం ఉంది, ఆ కంచె వైపు పోకూడదు. సెలవు రోజుల్లో జనం ఎక్కువ. మేం ఒక సరుగుడు తోట యజమానిని అడిగి లోపల వేశాం. ఇసుకలో మేకులు నిలవకపోతే నాలుగు సంచుల నిండా ఇసుక పోసి, తాడు కట్టి, మూర లోతున పాతిపెట్టాం. గాలికి కదల్లేదు. సరుగుడు కట్టె ముక్కకు తాడు చుట్టి అడ్డంగా పాతినా అంతే గట్టిగా ఉంటుంది. అయినా రాత్రంతా కుక్కలు, తెల్లారే విహారానికి వచ్చినవాళ్ల పాటలు. అక్కడ పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉంది, గది దొరికితే అదే తీసుకోండి. లేదా బాపట్లలో పడుకుని తెల్లవారుజామున సైకిలు మీద తీరానికి వెళ్లండి. గుంటూరులో, విజయవాడలో టెంటు ఆలోచనే వద్దు. స్నానం, సైకిలుకు లోపల చోటు ఇచ్చే లాడ్జి వెతుక్కోండి. కొన్ని చోట్ల సైకిలు వీధిలో పెట్టమంటారు, అలాంటి గది ఎంత చవకైనా ఒప్పుకోకండి.

కొండపల్లి, కొండవీడు కోటల మీద టెంటు వేయాలని చాలామందికి మనసు. రెండూ అటవీ ప్రాంతాల్లో ఉన్నాయి. అనుమతి లేకుండా రాత్రి ఉండటం తగదు, పగలు చూసి దిగిపోండి. కరకట్టకు నది వైపున లంకల్లో కూడా వేయకండి, ఎగువన నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని మింగిన నేల ఈ దివిసీమ. వాతావరణ హెచ్చరిక ఉంటే యాత్ర మానుకోవాలి, ఎంత గట్టి టెంటూ అక్కడ దిక్కు కాదు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా హాయిగా తిరగవచ్చు.

ఇంటికి వచ్చాక టెంటును అదే సంచిలో కుక్కి అటక మీద వేయకండి. ఇసుక దులిపి, సబ్బు లేకుండా మంచినీళ్లతో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాలి. సముద్రపు ఉప్పు జిప్పులను తినేస్తుంది కాబట్టి వాటిని పాత పళ్ల బ్రష్షుతో కడగాలి. పూర్తిగా ఆరాక వదులుగా ఒక దిండు గలీబులో పెట్టి, గాలి తగిలే అలమరలో ఉంచితే లోపలి పూత ఎక్కువ కాలం నిలుస్తుంది.