ఎరో, ఓరియంట్: నా ఓటు చిన్నదానికే

రెండూ ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవులో కట్టిన ఫ్రెంచ్ యుద్ధనౌకలే. సైజులో పోటీయే లేదు: ఓరియంట్‌కు 118 ఫిరంగులు, ఎరోకు 74. కానీ 1791లో నీళ్లలో దిగిన ఓరియంట్ నాలుగేళ్లలోనే మూడు పేర్లు చూసి, 1798 ఆగస్టు 1 రాత్రి ఈజిప్టు తీరంలోని అబూకిర్ దగ్గర మంటలంటుకుని ముక్కలుగా పేలిపోయింది. అందరికీ గుర్తున్నది ఆ పేలుడే.

ఎరో సంగతి వేరు. ఫ్రెంచ్ నౌకాదళ నాయకుడు సుఫ్రెన్ దాన్ని మన కోరమాండల్ తీరానికే తెచ్చాడు. 1782 ఫిబ్రవరిలో సద్రాస్ దగ్గర మొదలుపెట్టి, మరుసటి ఏడాది కడలూరు దాకా ఇంగ్లీషువాళ్లతో ఐదు పోరాటాలు! ట్రింకోమలీ దగ్గర నడిమి తెరచాప కొయ్య విరిగి కూలింది, అయినా ఓడ లొంగలేదు. నాకైతే ఇదే అసలైన కెరీర్. చివరికి 1793 డిసెంబరులో, తను పుట్టిన తూలోన్ రేవులోనే ఇంగ్లీషువాళ్లు పెట్టిన మంటల్లో కాలిపోయింది.