ఐజాక్ వీపు మీది దీపాలు: డెడ్ స్పేస్ 'రిగ్' సూట్ సమీక్ష

తెర మూలన ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్ లేదు. తూటాల లెక్క లేదు, మినీ మ్యాప్ లేదు. 2008 అక్టోబరులో వచ్చిన డెడ్ స్పేస్ అనే వీడియో గేమ్ వీటన్నిటినీ తెర మీంచి తీసేసి హీరో ఒంటి మీదికి, చేతిలోని పనిముట్ల మీదికి ఎక్కించింది. ఆ హీరో ఐజాక్ క్లార్క్ సైనికుడు కాదు, ఇంజనీరు. గ్రహాలను పగలగొట్టి ఖనిజం తీసే ఇషిమురా అనే అంతరిక్ష ఓడకి రిపేరు పని మీద వెళ్తాడు. అతను వేసుకునే సూట్ పేరు రిగ్. ఊహలో పుట్టిన వస్తువే అయినా, అంగట్లో కొన్న పరికరాన్ని పరీక్షించినట్టు దీన్ని పరీక్షించవచ్చు.

ముందుగా వెన్నెముక. మెడ కింది నుంచి నడుము దాకా గొట్టంలా ఒక వెలుగు గీత, ముక్కలు ముక్కలుగా. ప్రాణం నిండుగా ఉంటే నీలి ఆకుపచ్చ. దెబ్బ తగిలే కొద్దీ ముక్కలు ఆరిపోతాయి, చివరికి ఎరుపులోకి దిగుతుంది. ఎవడి వీపు వాడికి కనబడదు కదా, మరి మీటర్ అక్కడెందుకు? గనిలో పనిచేసేవాళ్ళకి అదే సరైన చోటు. ముందు నడిచేవాడికి ఊపిరి ఆడుతోందో లేదో వెనక వచ్చేవాడు ఒక్క చూపుతో పసిగట్టాలి. ఆటగాడి కెమెరా కూడా సరిగ్గా ఆ వెనక మనిషి స్థానంలోనే ఉంటుంది. పాత్ర ఉన్న లోకానికీ, ఆడేవాడి అవసరానికీ ఒకే చోటు కుదిరింది. ఈ సూట్ విలువంతా ఆ కుదురులోనే ఉంది.

అదే నెలలో వచ్చిన మరో గేమ్ ఫాలౌట్ 3 లోని పిప్‌బాయ్‌ని పక్కన పెట్టి చూడండి. ఎడమ ముంజేతికి కట్టుకునే ఆకుపచ్చ తెర, మీటలు, రేడియేషన్ ముల్లు. వస్తువుగా ముచ్చటగా ఉంటుంది. కానీ అది తెరిచిన క్షణంలో లోకం ఆగిపోతుంది. లోకం ఆగాక అది పరికరం కాదు, వేషం వేసుకున్న మెనూ. రిగ్‌లో సామాన్ల జాబితా ఐజాక్ ఎదుట గాల్లో వెలుగుతుంది, వెనక రాక్షసి నడిచి వస్తూనే ఉంటుంది. అందుకే జాబితా తెరవకుండానే ఒక్క బటన్‌తో గాయం మాన్పే మెడ్ ప్యాక్ వాడుకునే వీలు ఇచ్చారు. ఆ బటన్ లేకపోతే ఈ డిజైన్ కుప్పకూలేది.

అన్నిటికంటే చేయి తిరిగిన పని ప్లాస్మా కట్టర్‌ది, అంటే ఐజాక్ ఆయుధంగా వాడే కోత పనిముట్టుది. తెర మధ్యలో ప్లస్ గుర్తు ఉండదు. పనిముట్టు నుంచే మూడు కాంతి చుక్కలు వరసగా ఎదుటి వస్తువు మీద పడతాయి. ఒక బటన్ నొక్కితే పనిముట్టు తల 90 డిగ్రీలు తిరుగుతుంది, నిలువు వరస అడ్డం అవుతుంది. ఈ ఆటలో శత్రువును చంపాలంటే కాళ్ళూ చేతులూ తెగ్గొట్టాలి. నిలువుగా వేలాడే చేతికి అడ్డం కోత, చాచిన చేతికి నిలువు కోత. కోత ఏ దిశలో పడుతుందో ఆ చుక్కలే చెప్పేస్తాయి. గురి, పనిముట్టు స్థితి, ఆట నియమం మూడూ మూడు చుక్కల్లో ఇమిడాయి. గురి పెట్టినప్పుడే తూటాల అంకె ఆయుధం మీద వెలుగుతుంది. మిగతా సమయంలో ఆ అంకెతో పని లేదు కాబట్టి కనబడదు.

లోపాలూ ఉన్నాయి. త్రీడీ మ్యాప్ అందులో పెద్దది. అంతస్తులన్నీ పారదర్శకంగా ఒకదాని మీద ఒకటి పడి, ఏ గది ఎక్కడుందో తేలదు. హోలోగ్రామ్ అందంగా ఉండాలన్న తపన, దారి తెలియాలన్న అవసరాన్ని మింగేసింది. 2023 జనవరిలో వచ్చిన రీమేక్‌లో మ్యాప్‌ని టూడీ చేశారు, మంచి పని. నేల మీద దారి గీసే లొకేటర్ మాత్రం మొదటి ఆట నుంచే బాగుంది. అయితే అప్పట్లో అది ప్రధాన లక్ష్యం వైపే గీత గీసేది. దుకాణానికీ, సేవ్ స్టేషన్‌కీ దారి అడిగే వీలు రెండో భాగంలో వచ్చింది.

ఇలాంటిది సొంతంగా తయారు చేసేవాళ్ళకి పనికొచ్చే పద్ధతి ఒకటి. ఫిగ్మా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ ఫ్రేమ్ తెరిచి గీయడం మొదలుపెట్టకండి. ముందు గేమ్ ఇంజిన్‌లో (ఆటను తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో) బూడిదరంగు బొమ్మను నిలబెట్టి, ఆటలో ఉండబోయే దూరంలోనే కెమెరా పెట్టి, 1920×1080 స్క్రీన్‌షాట్ తీసి దాని మీద గీయండి. వీపు 220 పిక్సెళ్ళు వచ్చిందనుకుందాం. ఎనిమిది ముక్కలు, ఒక్కోటి 20 పిక్సెళ్ళు, మధ్యలో ఏడు సందులు, ఒక్కోటి 6: మొత్తం 202. సరిపోతుంది. పన్నెండు ముక్కలు కావాలంటే సందులు సన్నబడి, వెలుగును చుట్టూ చిమ్మే బ్లూమ్ ఎఫెక్ట్ పడగానే అన్నీ కలిసి ఒకే వెలుగు కడ్డీలా కనబడతాయి. అప్పుడు ఎమిసివ్ విలువ, అంటే ముక్క వెలిగే తీవ్రత, తగ్గించండి, సందులు వెడల్పు చేయండి. రంగు మార్చినంత మాత్రాన అది తీరదు.

తర్వాత ఆ చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి, పావు వంతుకి కుదించి చూడండి. ఎన్ని ముక్కలు వెలుగుతున్నాయో అప్పటికీ తెలిస్తే డిజైన్ నిలబడినట్టే. ఎర్ర అలారం లైటు వెలిగే గదిలో ఎరుపు హెచ్చరిక కనబడదు, రంగులు సరిగా గుర్తించలేని ఆటగాళ్ళకి ఎక్కడా కనబడదు. కాబట్టి ముక్కల సంఖ్య తగ్గడం కూడా తప్పనిసరి. ప్రాణాపాయంలో మిణుకుమనేలా చేస్తే సెకనుకు ఒకటి రెండు సార్లు చాలు, మూడు దాటనివ్వకండి. వేగంగా మెరిసే కాంతికి మూర్ఛ వచ్చేవాళ్ళుంటారు.

గాల్లో తేలే అక్షరాలది ఇంకో చిక్కు. అన్‌రియల్ ఇంజిన్‌లో పారదర్శక ప్యానెల్ మీద అక్షరాలు కదిలితే, పాత ఫ్రేములను కలిపి అంచులు నున్నగా చేసే టెంపోరల్ యాంటీ ఏలియాసింగ్ వల్ల వాటి వెనక దయ్యంలా మసక తోక వస్తుంది. ఆ ప్యానెల్ మెటీరియల్ సెట్టింగుల్లో రెస్పాన్సివ్ ఏఏ ఆన్ చేస్తే చాలావరకు తగ్గుతుంది. సోఫాలో కూర్చుని చదవాలంటే 1080లో అక్షరం 26 పిక్సెళ్ళకు తగ్గకూడదు. తెలుగులో రాస్తే 32 పెట్టండి, లైన్ల మధ్య ఇంకాస్త చోటు వదలండి. 'స్త్ర' లాంటి చోట కింది వత్తులు తర్వాతి లైన్ గుడులకి తగులుతాయి. ఇంజిన్ ఎంపిక కూడా ఇక్కడే తేలిపోతుంది. అన్‌రియల్, గోడో 4 ఇంజిన్లు అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ సాయంతో వత్తుల్ని సరిగా కూరుస్తాయి. యూనిటీ ఇంజిన్‌లో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్ ప్రో ఆ పని చేయదు, 'శక్తి' రాస్తే 'శక్‌తి' అని విడిపోతుంది.

రిగ్‌ని దగ్గరగా చదవాలనుకుంటే రెండు వెర్షన్లూ ఆడండి. 2008 నాటి పీసీ వెర్షన్‌లో మౌస్ బురదలో ఈదినట్టు కదులుతుంది. ఆట సెట్టింగుల్లో వీ-సింక్ (ఫ్రేముల వేగాన్ని తెర వేగంతో కలిపే సెట్టింగ్) ఆపేసి, గ్రాఫిక్స్ డ్రైవర్ ప్యానెల్ నుంచి ఆన్ చేస్తే సర్దుకుంటుంది.