వాడిన ప్లేనర్ బోర్డులు కొంటున్నారా? వెనక క్లిప్పు నోరు తెరిచి పిన్ను చూడందే డబ్బులివ్వకండి

అమెరికాలోని ఎరీ సరస్సులో వాలై చేప కోసం ట్రోలింగ్ (నడిచే పడవ వెనక ఎరలు ఈడ్చడం) చేసే మనవాళ్లందరికీ ఈ పోస్టు. ప్లేనర్ బోర్డంటే లైనును పడవకు దూరంగా పక్కకు లాక్కెళ్లే తేలే పలక. డెట్రాయిట్, టొలీడో, క్లీవ్‌లాండ్, కొలంబస్ వైపు ఉన్నవాళ్లు తప్పకుండా చదవండి. మనందరికీ తెలిసిన ఒకాయన సీజన్ అయిపోవస్తోందని సామాను అమ్మకానికి పెట్టాడు. ఎవరో మీలో సగం మందికి ఈపాటికే అర్థమై ఉంటుంది, పేరు రాయను. ఆఫ్ షోర్ కంపెనీ ఓఆర్12 మోడల్ ప్లేనర్ బోర్డులు, పడవకు ఎడమవైపు వేసేవి రెండు, కుడివైపు వేసేవి రెండు, జెండాలతో సహా, నాలుగూ కలిపి 100 డాలర్లు. శనివారం రాత్రి తీసుకున్నాను. ఆదివారం పొద్దున ఒహాయోలోని హ్యూరన్ ఊరి దగ్గర నీళ్లలో వేశాను. పదకొండింటికల్లా రెండు బోర్డులు సరస్సు పాలయ్యాయి. కంపెనీది ఇందులో ఏ తప్పూ లేదు, అవి మంచి బోర్డులు. పాడుచేసింది అమ్మినాయన.

ఎలా పోయాయో చెబుతాను, ఎందుకంటే రేపు మీకూ ఇలాగే పోతాయి. ఈ బోర్డుకు రెండు క్లిప్పులుంటాయి. ముందు, లైను లాగే చేయి (బోర్డుకు బిగించిన కడ్డీ) చివర ఒకటి, తోక దగ్గర ఒకటి. కంపెనీ ఇచ్చేవి ముందు నారింజ రంగు ఓఆర్19, వెనక ఎరుపు రంగు ఓఆర్16. రెండూ చూడ్డానికి బట్టల క్లిప్పుల్లాగే ఉంటాయి, నోట్లో రబ్బరు మెత్తలు. కానీ ఎర్రదాని నోటి మధ్యలో ఒక చిన్న ప్లాస్టిక్ పిన్ను అడ్డంగా ఉంటుంది. లైనును ఆ పిన్ను వెనక్కి తోసి క్లిప్పు మూస్తే ఎంత గుంజినా బయటికి రాదు. అక్కడ పట్టు మెత్తలది కాదు, పిన్నుది.

చేప గట్టిగా కొట్టినప్పుడో, మూడడుగుల అల బోర్డును ఎత్తి పడేసినప్పుడో ముందు క్లిప్పు ఒక్కోసారి వదిలేస్తుంది. అది మామూలే, కంగారు పడాల్సింది లేదు. అప్పుడు బోర్డు తోకతో లైనుకు వేలాడుతూ పడవ వెనక్కి వస్తుంది, రీల్ చుట్టుకుంటే చేతికందుతుంది. వెనక పిన్ను లేకపోతే లైనును ఆపేది రబ్బరు మెత్త ఒక్కటే. పది పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ లైను) అయితే కాసేపు ఆగుతుందేమో. మనలో చాలామంది వాడేది 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైను), సన్నగా నున్నగా ఉంటుంది, తడి రబ్బరు మధ్య నుంచి జారిపోతుంది. లైను మనతోనే ఉంటుంది, ఎర మనతోనే ఉంటుంది, బోర్డు ఒక్కటే తేలుతూ పోతుంది. పసుపు రంగు కదా, కనిపిస్తుందిలే అనుకుంటాం. గాలి లేచాక రెండు నిమిషాల్లో అలల మధ్య ఎక్కడుందో తెలియదు. మిగతా లైన్లు నీళ్లలో ఉండగా దానికోసం పడవను గబుక్కున తిప్పితే అన్నీ చిక్కుపడతాయి. పైగా అక్టోబరు నీళ్లు. బోర్డు కోసం పడవ అంచు మీదికి వంగి చేయి చాచకండి, ఎంత ఖరీదైనదైనా సరే పోనివ్వండి.

మిగిలిన రెండు బోర్డులూ ఇప్పుడు నా ముందు బల్ల మీదున్నాయి. ఎర్ర క్లిప్పు నోరు తెరిస్తే మధ్యలో నువ్వుగింజంత మొండి. పైభాగం చదునుగా ఉంది, దాని మీద కటింగ్ ప్లయర్ రెండు అంచులూ కలిసిన చోట సన్నటి గీత. పిన్ను దానంతటది విరిగితే మొండి గరుకుగా ఉంటుంది. వాడి వాడి అరిగితే గుండ్రబడుతుంది. ఇది పనిగట్టుకుని కోసింది. రెండింటికీ అంతే.

కొనకముందు ఆయన అన్న మాట ఇది: "అన్నా, బాక్సులోంచి తీసినవి తీసినట్టే ఉన్నాయి, చెయ్యి కూడా పెట్టలేదు. మీరు కాబట్టి ఇస్తున్నా." సోమవారం ఫోటో పంపి అడిగితే వచ్చిన జవాబు ఇది: "సార్, ఆ పిన్నులు నేనే కట్ చేశాను. చలిలో గ్లవ్స్‌తో లైను తియ్యడం కష్టం కదా, అందరూ చేసేదే. మీరు చూసుకునే తీసుకున్నారు." శనివారం దాకా అన్నా, సోమవారానికి సార్. మరి చెయ్యి పెట్టలేదని ఎందుకు చెప్పారని అడిగాను. "బోర్డులు వాడ్డం రాకపోతే ఒడ్డున కూర్చుని పెర్చ్ పట్టుకోండి సార్" అని రాసి నన్ను బ్లాక్ చేశాడు. 100 డాలర్లు మళ్లీ సంపాదించుకోవచ్చు. తన చేత్తో కోసి, కోసిన సంగతి తెలిసీ, మనవాడికే నమ్మకంగా అంటగట్టాడే, అది మాత్రం ఇంకా రగులుతూనే ఉంది.

నా తప్పూ ఉంది. పార్కింగులో చీకట్లో ఫోన్ లైటు వేసి బోర్డుల ఒళ్లు చూశాను, పగుళ్లు చూశాను, క్లిప్పుల నోళ్లు చూడలేదు. ఇన్నేళ్లుగా ఇవే బోర్డులు వాడుతున్నవాణ్ణి చూసుకోవాల్సింది అదే. మనవాడే కదా అన్న ఒక్క మాటకు కళ్లు మూసుకున్నాను.

గ్లవ్స్‌తో లైను తియ్యడం కష్టమన్నది అబద్ధమేమీ కాదు. దానికి పిన్ను కోయడం మందు కాదు. బోర్డు చేతికందాక ముందు క్లిప్పు మొదట తియ్యాలి, అప్పుడు బోర్డు మీద లాగుడు తగ్గుతుంది. తర్వాత బోర్డును చంకలో ఇరికించుకుని వెనక క్లిప్పును పూర్తిగా నొక్కి, లైనును పిన్ను పైనుంచి పక్కకు తప్పించాలి. సగం నొక్కి లాగుతారు, అందుకే రాదు. పక్కన మనిషి ఉంటే ఒకరు రాడ్ పట్టుకోవాలి, ఇంకొకరు బోర్డు తియ్యాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ పడవ ఆగకూడదు. ఆగితే లైను వదులై చేప తప్పించుకుంటుంది, మిగతా బోర్డులు కూడా లైన్లు వదులై ఒకదాని మీదికి ఒకటి వస్తాయి.

రెండో మోసం ఎడమ కుడి సంగతి. నాలుగింటిలో మూడు ఎడమవే. మూడోదాని మీద మార్కరుతో ఆర్ (రైట్, అంటే కుడి) అక్షరం రాసి అమ్మాడు. నేనూ ఆ అక్షరమే చూసి కుడివైపు వేశాను. ఎడమ బోర్డు ఎటు వేసినా ఎడమకే పోతుంది. పడవ వెనక నుంచి అడ్డంగా వెళ్లి అటున్న రెండు లైన్ల మీద పడింది. బ్రెయిడ్ చిక్కు విప్పడం మనిషి వల్ల కాదు, మూడు లైన్లూ కోసెయ్యాల్సి వచ్చింది. తలకిందులు చేసి వాడదామంటే కుదరదు, బోర్డును నిలబెట్టే బరువు అడుగున ఉంటుంది, అది పైకి వస్తే బోర్డు దొర్లిపోతుంది.

రాసిన అక్షరాన్ని నమ్మకండి. బరువు కిందికి, ముక్కు మీరు వెళ్లే దిక్కుకు పెట్టి బల్ల మీద నిలబెట్టండి. లైను లాగే చేయి ఎప్పుడూ పడవ వైపే ఉండాలి. అంటే ఎడమ బోర్డుకు చేయి కుడిపక్క, కుడి బోర్డుకు చేయి ఎడమపక్క. నాలుగూ వరసగా పెడితే అర నిమిషంలో తేలిపోయేది.

జెండా స్ప్రింగు గురించి కూడా చెప్పాలి. దీనివల్ల డబ్బు పోదు, చేప చస్తుంది. జెండా ఉన్న బోర్డులో వెనక క్లిప్పు ఒక కడ్డీకి తగులుకుని ఉంటుంది, చేప బరువు పడగానే కడ్డీ లాగి జెండాను వెనక్కి వాలుస్తుంది. దాని స్ప్రింగు చాలా పలచన. ఎర లాగుడుకు జెండా నిటారుగా నిలబడాలి, చిన్న చేప తగిలినా, గడ్డి తగులుకున్నా వాలాలి. ఆయన ఒకదానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే మందపాటి స్ప్రింగు బిగించాడు. జెండా కదల్లేదు, బోర్డు కాస్త వెనకబడిందని అనుమానమొచ్చి చుట్టి చూస్తే 13 అంగుళాల వాలై. ఎంతసేపటి నుంచి ఈడుస్తున్నామో తెలియదు. ఎరీలో ఒహాయో వైపు 15 అంగుళాల లోపు వాలైని నీళ్లలో వదిలెయ్యాలి. వదిలాను, అది వెల్లకిలా తేలింది. ఎరీలో వాలై బాగా ఉన్నాయి కదా అని ఇలాంటివి తేలిగ్గా తీసుకోకూడదు.

కొనేటప్పుడు ఇంకా చూడాల్సినవి: జంట బోర్డులను వంటింటి తక్కెడలో విడివిడిగా తూచండి. ఒకటి బరువెక్కువుంటే లోపలికి నీరు దిగిందన్నమాట, అది అలల్లో ముక్కు ముంచేస్తుంది. వీలైతే బకెట్ నీళ్లలో వేయండి, నిలువుగా తేలాలి, పక్కకు పడుకుంటే అడుగు బరువు ఊడినట్టే. చేయి బిగించిన మరలు కదిపి చూడండి. ముందు క్లిప్పు మెత్తల మీద లోతుగా గాడి పడి, రబ్బరు గట్టిపడి నిగనిగలాడుతుంటే మార్చుకోవాల్సిందే. వాడిన బోర్డు ఎవరి దగ్గర కొన్నా ఓఆర్16 జత కొత్తది తెచ్చుకుని, నీళ్లలో వేసేముందే మార్చేయండి. బోర్డు ఖరీదులో అది ఎంతో కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఒక్క మాట. ఎర వెనక ఎన్ని అడుగుల లైను వదిలారో లెక్కపెట్టి వదలండి, లైను పొడవు చూపే కౌంటర్ ఉన్న రీల్ అందుకే. ముందు క్లిప్పులో లైనును మెత్తల అంచున కాకుండా లోపలికి పెట్టండి, బ్రెయిడ్ అయితే ఇంకా లోపలికి. బోర్డును నీళ్లలో నిలువుగా దింపి, స్పూలు మీద బొటనవేలు ఉంచి మెల్లగా వదలండి. ఒక్కసారిగా వదిలేస్తే బోర్డు పడిపోయి వెనక్కి జారుతుంది, మళ్లీ లైను బిగిసినప్పుడు ఆ కుదుపుకే ముందు క్లిప్పు ఊడుతుంది. అన్నిటికన్నా బయటిది ముందు వెళ్లాలి, దాదాపు 100 అడుగుల దూరానికి, తర్వాతది 70, లోపలిది 40. మలుపు తిప్పేటప్పుడు వెడల్పుగా తిప్పండి. లోపలివైపు బోర్డులు నెమ్మదించి కుంగుతాయి, బయటివి పరిగెత్తుతాయి. చేప ఏ వైపు కొడుతుందో చూసుకుంటే ఆ రోజు వేగం పెంచాలో తగ్గించాలో అర్థమవుతుంది.

బోర్డు మీద మీ ఫోన్ నంబరు చెరగని మార్కరుతో రాసుకోండి. నేను రాయలేదు, రాత్రి తెచ్చి పొద్దున్నే వేశాను.

ఆదివారం గాలి పడమర నుంచి. హ్యూరన్‌కు తూర్పున, వెర్మిలియన్ వైపు ఒడ్డున ఎవరికైనా రెండు పసుపు బోర్డులు దొరికితే నాకు తిరిగివ్వక్కర్లేదు, ఉంచేసుకోండి. కానీ ముందు ఆ ఎర్ర క్లిప్పులు పీకి పారేసి కొత్తవి బిగించండి.